మన కేసు ఫైలు ఎవరెవరి చేతుల్లోంచి పోతోంది? లాయరు ఆఫీసు, క్లయింటు రహస్యం, చట్టం

కడియపులంకలో ఒక నర్సరీలో మొక్కల సంచులకు మట్టి ఎత్తే ఎస్సీ మహిళను ఊహించుకుందాం. పని దగ్గర కులం పేరుతో తిట్టి కొట్టినందుకు ఆమె కేసు పెట్టింది. ఆటో ఎక్కి రాజమండ్రిలో లాయరు గారి ఆఫీసుకు వెళ్లింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో కుల ధ్రువపత్రం, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆసుపత్రిలో రాసిచ్చిన కాగితం, ఆ రోజు జరిగింది చూసిన ఇద్దరు తోటి కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన చిన్న చీటీ.

సాయంత్రానికి ఆ కాగితాలు గుమాస్తా చేతికి వెళ్తాయి. ఆయన జిరాక్స్ షాపులో ఇస్తాడు. టైపు చేసే కుర్రాడి ఫోన్‌కు వాట్సాప్‌లో ఫొటోలు వెళ్తాయి. ఇన్ని చేతుల్లో ఏ ఒక్కటి జారినా ఆ చీటీలోని రెండు పేర్లు నర్సరీ యజమానికి చేరతాయి. వాళ్లను ఎవరూ కొట్టక్కర్లేదు. "రేపటి నుంచి పనికి రావద్దు" అంటే చాలు. మన ఊళ్లలో కూలి ఇచ్చే చేయి, అప్పు ఇచ్చే చేయి చాలాసార్లు ఒకటే. సాక్షి కోర్టులో మాట మార్చేది బోనెక్కిన రోజున అనుకుంటాం. చాలా ముందే, పేరు బయటికి పొక్కిన రోజునే ఆ మాట మారిపోయి ఉంటుంది.

కాబట్టి లాయరు ఆఫీసులో మన వివరాలు ఎలా దాస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నది చిన్న విషయం కాదు. దీనిపై చట్టం ఏం చెబుతోంది, ఎక్కడ ఖాళీలు వదిలింది, క్లయింటుగా మనం ఏం అడగాలి అన్నది ఈ వ్యాసం.

రహస్యం లాయరుది కాదు, మనది

లాయరుకు క్లయింటు చెప్పిన మాటకు 1872 నాటి సాక్ష్య చట్టంలోనే రక్షణ ఉంది. 126 నుంచి 129 వరకు సెక్షన్లు దాని గురించే. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. అవే నియమాలు ఇప్పుడు 132, 133, 134 సెక్షన్లలో ఉన్నాయి.

సారాంశం ఇది. క్లయింటు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, వృత్తిలో భాగంగా క్లయింటు చెప్పిన మాటను, చూపిన పత్రంలోని విషయాన్ని, తాను ఇచ్చిన సలహాను లాయరు బయటపెట్టకూడదు. కేసు ముగిసినా, మనం లాయరును మార్చుకున్నా ఈ బాధ్యత పోదు. లాయరు దగ్గర పనిచేసే గుమాస్తాకు, దుబాసీకి, ఇతర ఉద్యోగులకు కూడా ఇదే వర్తిస్తుంది. "నేను లాయరును కాదు కదా, గుమాస్తానే" అని తప్పించుకోవడానికి లేదు.

మినహాయింపులు రెండే. చట్టవిరుద్ధమైన పని చేయించుకోవడం కోసం చెప్పిన మాటకు రక్షణ లేదు. లాయరు కేసు చేపట్టిన తర్వాత ఏదైనా నేరమో, మోసమో జరిగినట్టు ఆయన గమనిస్తే దానికీ రక్షణ లేదు. జరిగిపోయిన తప్పు గురించి సలహా కోసం చెప్పుకున్నది మాత్రం రహస్యమే.

ఈ మధ్య దర్యాప్తు సంస్థలు నేరుగా లాయర్లకే సమన్లు పంపడం మొదలైంది. సుప్రీంకోర్టు దీన్ని తనంతట తాను విచారణకు తీసుకుని 2025 అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. 132వ సెక్షన్ మినహాయింపుల కిందకు వస్తే తప్ప క్లయింటు వివరాల కోసం లాయరును పిలవకూడదని చెప్పింది. పిలవాలన్నా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక ఆమోదం ఉండాలి. లాయరు ఫోన్, కంప్యూటర్ కావాలంటే వాటిని కోర్టు ముందే పెట్టించాలి, మిగతా క్లయింట్ల రహస్యం దెబ్బతినకుండా చూడాలి. ఇది పెద్ద లాయర్లకు సమన్లు వచ్చినప్పుడు కదిలిన విషయమే అయినా, దాని మేలు మండల కేంద్రంలో ఒక గదిలో ప్రాక్టీసు చేసుకునే లాయరుకు, ఆయన క్లయింటుకు కూడా వర్తిస్తుంది.

ఎవరికి చెబితే రహస్యం, ఎవరికి చెబితే కాదు

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

అట్రాసిటీ కేసును కోర్టులో నడిపేది స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆయన ప్రభుత్వ లాయరు. బాధితుల తరఫున వాదిస్తున్నట్టు కనిపించినా ఆయన క్లయింటు ప్రభుత్వమే. మన సొంత లాయరుతో మాటకు ఉన్న రక్షణ ఆయనతో మాటకూ ఉందని అనుకోవద్దు. సొంత లాయరు కావాలంటే దారులు ఉన్నాయి. అట్రాసిటీ నిబంధనల్లోని 4(5) ప్రకారం బాధితులు కోరితే కలెక్టరు పేరున్న సీనియర్ న్యాయవాదిని ప్రభుత్వ ఖర్చుతో పెట్టవచ్చు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దాని ఫోన్ నంబరు 15100.

పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం రహస్యం కాదు. ఛార్జిషీటు వేశాక దాని ప్రతులు నిందితులకు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. వాళ్లకు ఆ హక్కు ఉండాల్సిందే, లేకపోతే న్యాయమైన విచారణ ఉండదు. అందుకే వాంగ్మూలంలో ఏ వివరం అవసరం, ఏది అనవసరం అన్నది ముందుగా లాయరుతో మాట్లాడుకోవడం మంచిది.

ఇక సంఘాల నాయకులు, నిజనిర్ధారణ కమిటీలు, విలేకరులు. అట్రాసిటీ చట్టం 15ఎ(12) ప్రకారం బాధితులు స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చు. అది పోరాడి సాధించుకున్న హక్కు. కానీ వాళ్లతో చెప్పిన మాటకు 132వ సెక్షన్ రక్షణ లేదు. లాయరు గదిలో మనతో పాటు పదిమంది కూర్చుంటే ఆ పదిమందీ విన్నట్టే, అందులో తొమ్మిదిమందికి ఏ చట్టబద్ధ కట్టుబాటూ లేదు. బాధితురాలికి మద్దతుగానే అయినా ఎఫ్‌ఐఆర్ ఫొటోను గ్రూపుల్లో పెడుతున్న వాళ్లం మనలోనే ఉన్నాం. ఆ ఫొటోలో ఆమె తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉంటాయి. అది అవతలి పక్షానికి మనమే చేసిపెట్టిన పని. ఈ మాట ముందు మనలో మనం అనుకోవాలి.

లైంగిక నేరాల విషయంలో ఇది నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితురాలి పేరునో, ఆమెను గుర్తుపట్టే ఏ వివరాన్నో ప్రచురిస్తే రెండేళ్ల వరకు జైలు. నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. పేరు రాయకపోయినా, చదివినవాళ్లు ఆమె ఎవరో పోల్చుకోగలిగితే తప్పే. ఊరు, స్కూలు, తల్లి చేసే పని కలిపి రాస్తే చిన్న ఊళ్లో పేరు రాసినట్టే.

రెండు పడవల లాయరు

చిన్న పట్టణాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. మన కూలి కేసు చూసే లాయరే భూస్వామి భూమి తగాదా కూడా చూస్తుండవచ్చు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు దీని గురించి సూటిగానే మాట్లాడతాయి. కేసు తీసుకునేటప్పుడే అవతలి పక్షంతో తనకున్న సంబంధాన్ని, కేసులో తనకున్న ప్రయోజనాన్ని లాయరు దాచకుండా క్లయింటుకు చెప్పాలి. క్లయింటు పెట్టుకున్న నమ్మకాన్ని వాడుకుని లాభపడకూడదు. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినా, దావా రాసిపెట్టినా, దానిలోనే ఎదుటి పక్షం తరఫున నిలబడకూడదు.

ఈ నియమం వెనక ఉన్న విలువను మన ప్రాంతం నుంచి వచ్చిన ఒక న్యాయవాది జీవితంలో చూడవచ్చు. కోనసీమలోని కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం, 1985 కారంచేడు మారణకాండ తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. ప్రభుత్వం పక్షాన ఉంటూ, ఆ ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన బాధితుల పక్షాన కూడా ఉండటం కుదరదని ఆ రాజీనామా చెప్పకనే చెప్పింది. అందరూ పదవులు వదలనక్కర్లేదు. "అవతలివాళ్లు నాకు తెలిసినవాళ్లు" అని మొదటి రోజే చెబితే చాలు, మనం వేరే లాయరును చూసుకుంటాం.

అట్రాసిటీ చట్టంలో ఉన్న, మనం వాడని సెక్షన్

2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో 15ఎ సెక్షన్ చేరింది. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. బెయిలుతో సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందుగా నోటీసు ఇవ్వాలని, వారి మాట వినాలని అందులో ఉంది. ఇది తప్పనిసరి అని 2021 అక్టోబరులో హరిరాం భాంభీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అదే సెక్షన్‌లోని 8వ ఉపసెక్షన్ మన విషయానికి కీలకం. ప్రత్యేక కోర్టు తన ఉత్తర్వుల్లో, తీర్పుల్లో, ప్రజలకు అందుబాటులో ఉండే రికార్డుల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు కనిపించకుండా చేయవచ్చు. వాటిని వెల్లడించవద్దని ఆదేశాలు ఇవ్వవచ్చు. వేధింపులపై ఫిర్యాదు వస్తే అవసరమైతే అదే రోజు రక్షణ ఉత్తర్వులు ఇవ్వవచ్చు. ఆ ఫిర్యాదును అసలు కేసుతో కలపకుండా విడిగా విచారించి రెండు నెలల్లో ముగించాలి. దీనికి బాధితులు, సాక్షులు, ప్రాసిక్యూటర్ ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. ఇంత మంచి ఏర్పాటు ఉన్నా, దరఖాస్తు పడకపోతే అది పుస్తకంలోనే ఉండిపోతుంది. దీనికి తోడు మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది.

"పనికి రావద్దు" అన్నది కూడా ఊరికే పోయే మాట కాదు. కేసు పెట్టారన్న కక్షతో పని మాన్పించడం, మాన్పిస్తామని బెదిరించడం ఆర్థిక బహిష్కరణ కిందకు వస్తుంది. 2016 నుంచి అది అట్రాసిటీ చట్టం కింద విడి నేరం.

పోలీసు వెబ్‌సైటులో ఎఫ్‌ఐఆర్

2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని చెప్పింది. నిందితులకు, పౌరులకు అది మేలు చేసే తీర్పే. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులను అందులోంచి మినహాయించింది. మామూలు అట్రాసిటీ కేసు ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. ఏది పెట్టకూడదో నిర్ణయించేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి.

అట్రాసిటీ కేసుల్లో దర్యాప్తు అధికారి కూడా డీఎస్పీ స్థాయివారే. అంటే మనం వెతకాల్సిన అధికారి మన కేసు చూస్తున్న అధికారే. ప్రమాదం ఉందనిపిస్తే మొదటి రోజే లాయరు ఆయనకు రాతపూర్వకంగా అభ్యర్థన పెట్టవచ్చు.

కోర్టు కాగితాల్లో కులం రాయడంపైనా ఒక మాట. 2024 జనవరిలో సుప్రీంకోర్టు, కక్షిదారుల వివరాల్లో కులం, మతం రాసే అలవాటును ఇక మానాలని, కింది కోర్టులు కూడా పాటించాలని ఆదేశించింది. అట్రాసిటీ కేసులో కులం నిరూపించాల్సిన విషయం కాబట్టి అక్కడ తప్పదు. కానీ భరణం కేసులో, అద్దె తగాదాలో, చెక్కు బౌన్సు కేసులో పేరు పక్కన కులం ఎందుకు? లాయరు ఆఫీసులో పాత నమూనా ఫారం అలాగే వాడుతుంటే, ఆ గడి కొట్టేయమని అడగండి.

కులం సున్నితమైన సమాచారమా?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. దాని తర్వాత వచ్చిన 2018 శ్రీకృష్ణ కమిటీ ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ కులం, తెగ "సున్నితమైన వ్యక్తిగత సమాచారం"లో ఉన్నాయి. ఆరోగ్యం, బ్యాంకు వివరాలతో సమానంగా వాటికి అదనపు రక్షణ దొరికేది. చివరికి చట్టమైన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ వర్గమే తీసేశారు. ఇప్పుడు చట్టం కళ్లలో మన కుల ధ్రువపత్రం, మన ఇష్టమైన రంగు ఒకే రకం సమాచారం. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ జాతి మూలం, మతం, ఆరోగ్యం వంటి వాటికి ప్రత్యేక రక్షణ ఇస్తోంది. కులం వల్ల ప్రాణాలు పోయే దేశంలో కులానికి అలాంటిది లేదు.

ఈ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పుడు కూడా లాయరు ఆఫీసుల విషయంలో ఒక పెద్ద మినహాయింపు ఉంది. చట్టబద్ధ హక్కు కోసం పోరాడటానికి అవసరమైన మేరకు వివరాలు వాడితే, 17వ సెక్షన్ ప్రకారం చాలా నియమాలు వర్తించవు. తగిన భద్రత పాటించాలన్న బాధ్యత మాత్రం మిగులుతుంది. దాన్ని ఉల్లంఘిస్తే 250 కోట్ల వరకు జరిమానా ఉండవచ్చు. వివరాలు లీకైతే క్లయింటుకు తెలియజేయాలన్న నియమం, దిద్దమని, చెరిపేయమని అడిగే హక్కు మాత్రం ఈ మినహాయింపులో కొట్టుకుపోతాయి. పైగా ఈ చట్టం డిజిటల్ సమాచారానికే. బీరువాలోని కాగితం ఫైలుకు వర్తించదు, ఆ ఫైలును ఫోన్‌లో ఫొటో తీస్తే వర్తిస్తుంది.

అందుకే మనకు ఇప్పటికీ గట్టి ఆధారం పాత నియమాలే: సాక్ష్య చట్టం, బార్ కౌన్సిల్ నియమాలు, 15ఎ సెక్షన్.

సముద్రం అవతల కూడా

పేరు బయటపడితే ప్రమాదం ఊళ్లోనే ఉంటుందని అనుకోనక్కర్లేదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌర హక్కుల విభాగం సిస్కో కంపెనీపై కుల వివక్ష కేసు వేసింది. ఫిర్యాదు చేసిన దళిత ఇంజనీరు పేరు దాచి, కాగితాల్లో "జాన్ డో" అని రాసింది. కంపెనీ దీనికి అభ్యంతరం చెప్పింది, కింది కోర్టు పేరు దాచడానికి ఒప్పుకోలేదు. 2022 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఆయన పేరు బయటపడితే భారతదేశంలో ఉన్న కుటుంబానికి జరగగల హానిని కూడా చూడాలని చెప్పి, మళ్లీ విచారించమంది. శాంటా క్లారాలో కేసు, భయం ఇక్కడి ఊరు గురించి. దూరంగా ఉన్న ఆ కోర్టుకు అర్థమైన ఈ సంగతిని మన కోర్టుల ముందు పెట్టే పని మన లాయర్లది.

మంచి ఆఫీసులో ఏం ఉంటుంది

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక గది ఆఫీసులో కూడా చేయగలిగినవే.

మొదటి మాట క్లయింటుతో విడిగా మాట్లాడాలి. వెంట వచ్చినవాళ్లను, అది భర్తయినా, సంఘం పెద్దయినా, కాసేపు బయట కూర్చోమనాలి.

అసలు కాగితాలు క్లయింటుకే తిరిగి ఇవ్వాలి, నకళ్లు మాత్రమే ఫైల్లో ఉంచాలి. ఏమేం తీసుకున్నారో ఒక కాగితంపై రాసి ఇవ్వాలి. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దానిపై అడ్డంగా ఏ పనికో, ఏ తేదీనో రాయాలి.

సాక్షుల పేర్లు, నంబర్లు అసలు ఫైల్లో కాకుండా విడిగా, తాళం ఉన్న చోట ఉండాలి.

జిరాక్స్ ఎవరో ఒకరు దగ్గరుండి తీయించాలి. పాడైన ప్రతులు చింపేయాలి, షాపులో వదలకూడదు. పరిహారం విడతలవారీగా బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి పాస్‌బుక్కు నకలు ఎక్కువమంది చేతులు మారుతుంది. మొదటి పేజీ చాలు, లావాదేవీల పేజీలు అక్కర్లేదు.

ఫోన్‌కు, కంప్యూటర్‌కు పాస్‌వర్డు ఉండాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో స్కాన్ చేయిస్తే, పని అయ్యాక ఆ కంప్యూటర్‌లోంచి ఫైలు తీసేయించాలి. కేసు కాగితాలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకూడదు.

గుమాస్తాకు, జూనియర్లకు ఈ నియమాలు మొదటి రోజే చెప్పాలి. మానేసి వెళ్లినవాళ్ల ఫోన్లలో ఫైళ్లు మిగలకుండా చూడాలి.

ఫైలు ఎంతకాలం బతుకుతుందో కూడా ఆలోచించాలి. వెంకటాయపాలెం శిరోముండనం 1996 డిసెంబరు 29న జరిగింది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఇరవై ఏడేళ్లు. అంతకాలంలో జూనియర్లు సీనియర్లవుతారు, ఆఫీసులు మారతాయి, గుమాస్తాలు రిటైరవుతారు. పదేళ్ల నాటి ఫైలు మూటగట్టి అటక మీద పడేస్తే, దాన్ని తూకానికి వేసేదెవరో ఎవరికీ తెలియదు.

నమ్మకం చెడితే

లాయరును మార్చుకునే హక్కు మనకు ఎప్పుడూ ఉంది. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచడం కుదరదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాకీ వసూలుకు వేరే దారి చూసుకోవాలి, ఫైలు మాత్రం ఇచ్చేయాలి.

రహస్యం బయటపెట్టారని ఆధారం ఉంటే, 1961 అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మందలింపు నుంచి, కొంతకాలం ప్రాక్టీసు ఆపడం, జాబితాలోంచి పేరు తీసేయడం దాకా చర్యలు ఉంటాయి. వినియోగదారుల కోర్టుకు వెళ్లే దారి మాత్రం లేదు. లాయర్ల సేవ ఆ చట్టం కిందకు రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

లీకు వల్ల బెదిరింపులు మొదలైతే, ముందు వాటిపై ఫిర్యాదు ఇవ్వాలి. నోటిమాటగా చెప్పినా నమోదు చేసుకుని, ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా వెంటనే ఇవ్వడం స్టేషన్ హౌస్ ఆఫీసర్ బాధ్యత. అదే 15ఎ సెక్షన్‌లోని 9వ ఉపసెక్షన్. తర్వాత ప్రత్యేక కోర్టులో రక్షణ దరఖాస్తు పెట్టాలి. అట్రాసిటీల జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566.

కవరు పట్టుకుని వెళ్లిన ఆ మహిళ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమె లాయరు గారిని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. అవతలివాళ్లతో మీకు సంబంధం ఉందా అండీ? నా కాగితాలు ఎవరెవరు చూస్తారు? సాక్షుల పేర్లు ఎక్కడ పెడతారు? వాళ్ల పేర్లు దాచమని కోర్టులో దరఖాస్తు వేస్తారా? ఇవి అడిగితే లాయరు గారు ఏమనుకుంటారో అన్న బెరుకు మనవాళ్లకు ఉంటుంది. మంచి లాయరు ఏమీ అనుకోరు. చిరాకు పడితే, వకాల్తా మీద సంతకం పెట్టకముందే ఆ కవరు తీసుకుని ఇంకో ఆఫీసుకు వెళ్లవచ్చు.